ముందు పదిహేను, తర్వాత పదహారు: మా నాయనమ్మ బైబిల్ జ్ఞాపకాలు

మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు, వేలిముద్రే. అయినా బైబిల్లో పేతురు మొదటి పత్రిక, అంటే పేతురు సంఘాలకి రాసిన మొదటి ఉత్తరం, ఎక్కడుందో కరెంటు పోయిన రాత్రి కూడా తీసి చూపించేది. పుస్తకం వెనక అట్ట వైపు నుంచి బొటనవేలు పెట్టి పేజీలు వేలి మీదకి జారనిచ్చి టక్కున ఆపి "ఇదిగో, ఇక్కడ సదువు" అనేది. ఒక్కోసారి గురి తప్పి యాకోబు దగ్గరో యోహాను దగ్గరో పడేది, అప్పుడు ఇంకో రెండు పేజీలు తడిమి చూసుకునేది. నాలుగో అధ్యాయం ఉన్న పేజీ కింద మూల బాగా నలిగి, అక్కడ కాగితం మిగతా పేజీల కంటే మెత్తగా ఉండేది, దాన్నే ఆవిడ గుర్తు పెట్టుకుంది. దాని మీద ఆవదం మరక కూడా ఒకటి ఉండేది, తలకి రాసుకున్న చేత్తోనే పట్టుకునేది మరి, ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు.

అప్పుడు మేం విశాఖపట్నంలో అల్లిపురం దగ్గర ఒక సందులో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. తాత, నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను, తమ్ముడు. రాత్రి అన్నాలయ్యాక కుటుంబ ప్రార్థన. చదివే డ్యూటీ నాదీ తమ్ముడిదీ, వాడు నిద్రమొహం వేస్తే మొత్తం నాదే. కీర్తనలు ఎవరికి నచ్చింది వాళ్ళు చదవొచ్చు గానీ పేతురు దగ్గరకొచ్చేసరికి ఆవిడకో రూలు ఉండేది. "ముందు పదేను సదువు, తర్వాతే పదారు" అనేది. పదహారో వచనం క్రైస్తవులందరికీ వచ్చిందే, "ఎవడైనను క్రైస్తవుడైనందుకు బాధ అనుభవించినయెడల అతడు సిగ్గుపడక, ఆ పేరును బట్టియే దేవుని మహిమపరచవలెను." క్యాలెండర్ల మీద కూడా వేస్తారు. దాని ముందున్న పదిహేనోది మాత్రం ఎవరూ క్యాలెండర్ మీద వెయ్యరు: "మీలో ఎవడును నరహంతకుడుగా గాని, దొంగగా గాని, దుర్మార్గుడుగా గాని, పరులజోలికి పోవువాడుగా గాని బాధ అనుభవింపతగదు." ఒకసారి నేను తొందరలో డైరెక్టుగా పదహారు చదివేస్తే వీపు మీద ఒక్కటిచ్చి "ఏటే గుంటా, దొంగతనం సేసి దెబ్బలు తిన్నోడు కూడా దేవుడి కోసం తిన్నానంటాడు, ముందు అది తేల్సుకోవాలి కాదేటి" అంది. చిన్నప్పుడు అదేదో ఆవిడ చాదస్తం అనుకున్నా.

ఆ చాదస్తం వెనక పెద్ద కథే ఉంది.

మా తాత వాళ్ళది శ్రీకాకుళం వైపు ఒక పల్లె, పేరు రాయను, ఇప్పటికీ అక్కడ మాకు చుట్టాలున్నారు, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్తాం వస్తాం. దళితవాడలో మా వాళ్ళది డప్పు కొట్టే కుటుంబం. అమ్మోరి పండగకీ, శవం లేచినప్పుడూ, దండోరా వెయ్యడానికీ అన్నిటికీ డప్పు మావాళ్ళదే, దానికి బదులు పంట నూర్చాక కళ్ళంలో ఇంత అని ధాన్యం కొలిచేవాళ్ళు, మేర అంటారు. దాంతోనే ఇల్లు గడిచేది. నాయనమ్మ పుట్టిల్లు అప్పటికే మిషన్ వాళ్ళ బోధతో నమ్ముకున్న ఇల్లు, ఆవిడ కాపురానికి వచ్చాక కొన్నేళ్ళకి తాత కూడా గెడ్డలో, అంటే వాగులో, బాప్తిస్మం తీసుకున్నాడు. 1954 ప్రాంతం అని నాన్న లెక్క, ఎందుకంటే నాన్న అప్పటికి పాలు తాగే పిల్లాడు.

బాప్తిస్మం దాకా ఎవరూ ఏం అనలేదట. గొడవంతా పండగ దగ్గరకొచ్చినప్పుడు మొదలైంది. తాత ఏం చేశాడంటే, ఎవరో పిలిచేదాకా ఆగకుండా తనే మునసబు ఇంటికెళ్ళి అరుగు కింద నిలబడి చెప్పేశాడు, శవానికి కొడతాను బాబూ, దండోరాకి కొడతాను, పొలం పని ఏది చెప్తే అది చేస్తాను, అమ్మోరి ముందు దున్నని బలిచ్చేటప్పుడు మాత్రం నా చేత డప్పు కొట్టించకండి అని. అమ్మోరిని ఒక్క మాట అనలేదు. పండగ ఆపమనలేదు. నాయనమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఈ ముక్క దగ్గర ఆగి మళ్ళీ చెప్పేది, "మీ తాత ఆళ్ళ దేవతని తిట్నేదు, అది గేపకం ఎట్టుకోండి" అని. పదిహేనో వచనం అంటే అదన్నమాట, మాకు తర్వాత తెలిసింది.

మొదట కేకలేశారు, తర్వాత తప్పు వేశారు, అంటే జరిమానా, అది కట్టినా ఒప్పుకోలేదు, చివరికి వెలి. ఇప్పటి పిల్లలకి వెలి అంటే వాట్సాప్ గ్రూప్ నుంచి తీసెయ్యడం లాంటిది అనుకుంటారేమో. కూలికి పిలవరు. కొట్లో ఉప్పు ఇవ్వరు, కిరసనాయిలు ఇవ్వరు. మంగలి రాడు, చాకలి రాడు. వాళ్ళతో మాట్లాడినవాళ్ళకి కూడా తప్పు పడుతుంది. అందుకని వాడలో సొంత అన్నదమ్ములే తలుపులేసుకున్నారు. పెద్దిళ్ళవాళ్ళు చేసిందాని కంటే అదే నాయనమ్మకి ఎక్కువ నొప్పి. ఆవిడ మామగారు, అంటే తాత నాన్న, ఒకరోజు కోపంలో ఇంట్లో ఉన్న ఒకే ఒక పుస్తకం, మార్కు సువార్త, సంచీ భుజానేసుకుని ఊళ్ళు తిరిగి అమ్మే మిషన్ మనిషి దగ్గర కొన్న చిన్న పుస్తకం, పొయ్యిలో పెట్టేశాడట. మంట మీదున్నది గంజి. "ఆ గంజే మేం అందరం తాగినాం, ఆయనా తాగినాడు" అనేది నవ్వుతూ. పుస్తకం పోయింది గానీ అందులో సగం ఆవిడకి నోటికొచ్చు. చదువు రానివాళ్ళకి ఉండే జ్ఞాపకశక్తి మనకి రాదు, ఫోన్ నంబర్లు కూడా గుర్తుండని రోజులాయె.

ఆ ఏడాది కోతలయ్యాక మేర కూడా ఇవ్వకపోయేసరికి ఒక రాత్రి పిల్లాణ్ణి చంకనేసుకుని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దాకా నడిచొచ్చి ప్యాసింజరెక్కి వాల్తేరు స్టేషన్లో దిగారు. తాతకి పోర్టులో కూలి పని దొరికింది. పోర్టు 1933లో తెరిచారు కదా, మాంగనీసు ఖనిజం ఇక్కణ్ణుంచే ఓడలకి ఎత్తేవాళ్ళు, దాన్ని గంపల్లో మొయ్యడం పని. సాయంత్రం ఇంటికొచ్చి ఉమ్మితే నల్లగా పడేదట. ఆ దగ్గు చివరిదాకా వదల్లేదు.

తాత మళ్ళీ జన్మలో డప్పు పట్టుకోలేదు. తొంభైల్లో అనుకుంటా, మా చర్చిలో యూత్ వాళ్ళు క్రిస్మస్‌కి డప్పు వాయిస్తూ పాటలు పాడారు, జానపద బాణీలో బాగానే కుదిరింది, అందరూ చప్పట్లు. తాత లేచి బయటికెళ్ళి చెప్పుల దగ్గర నిలబడ్డాడు. పాస్టర్ గారు తర్వాత అడిగితే "తప్పని నేననలేదండి, నా చేతులు ఊరుకోటం లేదు, అందుకని ఎల్లిపోయాను" అన్నాడు. ఇప్పుడు చర్చిల్లో డప్పు మామూలైపోయింది, మంచిదే అనుకుంటాను నేను, దాని తప్పేముంది పాపం. కానీ తాత ముఖం గుర్తొస్తే మాత్రం చప్పట్లు కొట్టలేను.

ఇక సండే స్కూల్ సంగతి. మమ్మల్ని వన్ టౌన్‌కి పంపేవాళ్ళు, పాత పోస్టాఫీసు వైపు. ఆ రోజుల్లో వన్ టౌన్ అంటే ఎండు చేపల వాసన, ఓడ కూతలు, హార్బర్ నోటి దగ్గర ఆ మూడు కొండలు, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, రాస్ కొండ మీద మరియమ్మ చర్చి. మేం ప్రొటెస్టెంట్లమే గానీ డిసెంబరు 8న కొండ మీద పండగకి స్నేహితులతో పాటు మేమూ ఎక్కేవాళ్ళం, నాయనమ్మకి తెలిస్తే "కొండెక్కండి గానీ పుణుకులకి డబ్బులు తగలెయ్యకండి" అనేది అంతే. మా సండే స్కూల్ మాస్టారు మిషన్ స్కూల్లో హిస్టరీ చెప్పి రిటైరైనాయన. తెల్ల పంచె, జేబులో ఇంకు పెన్ను లీకై ఎప్పుడూ ఒక నీలం మచ్చ. బొమ్మల కథలు చెప్పడం చేతకాదు ఆయనకి. మాకు పదేళ్ళుంటే కాలేజీ వాళ్ళకి చెప్పినట్టు చెప్పేవారు.

ఆయన దగ్గరే మొదటిసారి విన్నాను, తెలుగు బైబిల్‌కి మన విశాఖపట్నంతో ఎంత సంబంధం ఉందో. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు కుర్రాళ్ళు ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకుని సువార్తలు తెలుగులోకి మార్చడం మొదలెట్టారు. వాళ్ళకి సాయం చేసింది ఆనందరాయర్ అని, బ్రాహ్మణుడు, క్రైస్తవుడయ్యాడు. క్రాన్ 1809లో పోయాడు, డెస్ గ్రాంజెస్ 1810లో పోయాడు. మత్తయి, మార్కు, లూకా మూడూ బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. అంటే అచ్చులో పడిన తెలుగు మార్కు సువార్తని వాళ్ళిద్దరూ చూడనే లేదు. ఇది విని నేను ఇంటికొచ్చి నాయనమ్మకి చెప్తే, పొయ్యిలో పోయిన పుస్తకం మాట ఎత్తుతుందనుకున్నా, ఆవిడ మాత్రం "ఆళ్ళ అమ్మలకి కబురు ఎన్నాళ్ళకి ఎల్లిందో" అంది.

మాస్టారు హతసాక్షుల, అంటే నమ్మకం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ గురించి చెప్పేటప్పుడు సింహాలు తక్కువ, కాగితాలు ఎక్కువ. అందుకే అవి ఇప్పటికీ గుర్తున్నాయి. అన్నిట్లోకీ నాకు బాగా పట్టేసింది ప్లినీ ఉత్తరం. పేతురు మొదటి పత్రిక మొదట్లోనే అడ్రసు ఉంటుంది, పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ అని. మనం ఆ పేర్లు గబగబా దాటేస్తాం. క్రీ.శ. 112 ప్రాంతంలో ఆ బితూనియ పొంతు ప్రాంతానికి ప్లినీ అనే రోమా గవర్నరు వచ్చాడు. క్రైస్తవులని పట్టుకొచ్చి తన ముందు నిలబెడితే ఏం చెయ్యాలో తెలీక ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. అందులో ఆయన అడిగిన ప్రశ్న ఏంటంటే, వీళ్ళు వేరే నేరం ఏమీ చెయ్యకపోయినా ఆ పేరు ఉన్నందుకే శిక్షించాలా, లేక ఆ పేరుతో అంటుకుని ఉన్న నేరాలకి శిక్షించాలా అని. మాస్టారు ఇది చెప్పగానే నేను లేచి "సార్ ఇది పదిహేనూ పదహారూ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూసి "ఎవరు చెప్పారమ్మా నీకు" అని అడిగారు. మా నాయనమ్మ సార్ అన్నాను. ఆయన తర్వాత వారం ఆవిణ్ణి చూడ్డానికి ఇంటికొచ్చారు, అది వేరే సంగతి, ఆవిడ సిగ్గుపడి వంటగదిలోంచి బయటికే రాలేదు.

ప్లినీ చేసింది కూడా చెప్పారు. నువ్వు క్రైస్తవుడివా అని మూడుసార్లు అడిగేవాడు, శిక్ష చెప్పి బెదిరించి మళ్ళీ అడిగేవాడు, ఔననే అంటే చంపించేవాడు. కాదన్నవాళ్ళని దేవతల ముందు, చక్రవర్తి బొమ్మ ముందు ధూపం వేసి క్రీస్తుని దూషించమనేవాడు, నిజంగా క్రైస్తవులైనవాళ్ళ చేత ఆ పని చేయించలేమట అని ఆయనే రాశాడు. వీళ్ళు ఏం చేస్తారో విచారిస్తే, ఒక నిర్ణయించుకున్న రోజు తెల్లారకముందే కలుసుకుని క్రీస్తుని దేవుడిగా పాడుకుంటారు, దొంగతనం చెయ్యం, వ్యభిచారం చెయ్యం, మాట తప్పం అని ఒట్టు పెట్టుకుంటారు, అంతే తేలింది. నమ్మక ఇద్దరు దాసీలని, సంఘంలో పరిచారకులట వాళ్ళు, హింస పెట్టి అడిగించాడు. కొత్త నేరం ఏమీ దొరకలేదు. అంటే పదిహేనో వచనం పరీక్షలో వాళ్ళు పాసయ్యారని పట్టుకున్నవాడే సర్టిఫికెట్ రాసిచ్చినట్టు. ట్రాజన్ జవాబు, వెతికి పట్టుకోవద్దు, పేరు లేని ఆకాశరామన్న ఫిర్యాదులు తీసుకోవద్దు, దొరికి ఒప్పుకుంటే మాత్రం శిక్షించు అని. మాస్టారికి ఈ జవాబు మీద కోపం, "నేరం కాకపోతే శిక్షెందుకు, నేరమైతే వెతకొద్దనడమెందుకు" అని మాతోనే వాదించేవారు, మాకేం తెలుస్తుంది, తలలూపేవాళ్ళం.

పొలికార్పు గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారేది. బైబిల్ చివరి పుస్తకం ప్రకటనలో స్ముర్న అనే ఊరి సంఘానికి రాసిన మాట "మరణమువరకు నమ్మకముగా ఉండుము. నేను నీకు జీవకిరీటమిచ్చెదను", మన క్రైస్తవ సమాధుల మీద ఎక్కడ చూసినా కనపడేది. అదే స్ముర్నలో తర్వాత బిషప్ అయిన ముసలాయన పొలికార్పు. క్రీస్తుని దూషించు, వదిలేస్తాను అంటే, ఎనభై ఆరేళ్ళు ఆయన్ని సేవించాను, నాకు ఏ కీడూ చెయ్యలేదు, నా రాజుని ఎలా దూషిస్తాను అన్నాడట. ఇంక 303లో డయోక్లీషియన్ ఆజ్ఞ, చర్చిలు పడగొట్టండి, లేఖనాలు తీసుకొచ్చి కాల్చండి అని. ఉత్తర ఆఫ్రికాలో ఫెలిక్స్ అనే బిషప్ పుస్తకాలున్నాయి గానీ ఇవ్వను అని చెప్పి ప్రాణం పోగొట్టుకున్నాడు. లేవు అని అబద్ధం ఆడొచ్చు కదా సార్ అని తమ్ముడు అడిగాడు. ఆడినవాళ్ళూ ఉండే ఉంటారు, పేర్లు మనదాకా రాలేదు అన్నారాయన.

మడగాస్కర్ కథ అయితే ఆయన ఏటా చెప్పేవారు, ఎందుకంటే అక్కడికెళ్ళింది కూడా మన విశాఖకొచ్చిన లండన్ మిషన్ వాళ్ళే. 1835లో మలగాసీ బైబిల్ మొత్తం అచ్చు పూర్తయింది, అదే ఏడాది రాణవలోనా రాణి క్రైస్తవాన్ని నిషేధించింది. మిషనరీలు వెళ్ళిపోతూ బైబిళ్ళు భూమిలో పాతిపెట్టి వెళ్ళారు, అక్కడివాళ్ళు తవ్వుకుని రహస్యంగా చదువుకునేవాళ్ళు. 1837లో రసలామా అనే ఆవిణ్ణి బల్లేలతో పొడిచారు, ఆ చోటికి నడిపించుకెళ్తుంటే పాటలు పాడుతూ వెళ్ళిందట. 1849లో పద్నాలుగుమందిని కొండ అంచు మీంచి తోసేశారు, నలుగురిని తగలబెట్టారు. 1861లో రాణి చనిపోయాక మిషనరీలు తిరిగొచ్చి చూస్తే, వెళ్ళేటప్పుడు ఉన్నవాళ్ళ కంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది ఉన్నారు. కాపరి లేడు, స్కూల్ లేదు, ఫండు లేదు, చిరిగిన పేజీలే. రాణి భయం కూడా చెప్పేవారు మాస్టారు, తెల్లవాళ్ళు మతం పేరుతో వచ్చి రాజ్యం లాక్కుంటారని ఆవిడ అనుమానం, ఆ భయం ఊరికే పుట్టలేదు, తర్వాత ఫ్రెంచివాళ్ళు లాక్కున్నారు కదా అని. ఏ పక్షం తప్పూ దాచేవారు కాదు ఆయన.

ఇన్ని వింటే ఇంట్లో మనకి జరుగుతున్నది చిన్నగా కనపడుతుంది. మా నాన్న విషయం అలాంటిదే.

నాన్నని ఒకటో క్లాసులో వేసినప్పుడు స్కూల్లో మతం అనే కాలమ్ దగ్గర ఏం రాయమంటావయ్యా అంటే తాత "క్రైస్తవులం అని రాయండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాన్న ఎస్సీ కాకుండా పోయాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో హిందువులైతేనే షెడ్యూల్డ్ కులం అని ఉంది, తర్వాత 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, క్రైస్తవులని చేర్చలేదు. 1970లో మన రాష్ట్రంలో బీసీ జాబితా వచ్చినప్పుడు దళిత క్రైస్తవులని అందులో సి గ్రూపులో పెట్టారు, రిజర్వేషన్ ఒక్క శాతం. మా సందులో మాతో పాటు చర్చికి వచ్చే ఇళ్ళే, ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్లో హిందువులుగా ఇంకో పేరు, వాళ్ళ పిల్లలు స్కాలర్‌షిప్‌తో చదువుకుని పెద్ద ఉద్యోగాలకి వెళ్ళారు. నాన్న రాత పరీక్షలో మంచి మార్కులొచ్చి కూడా రెండుసార్లు ఆఖర్లో ఆగిపోయి చివరికి చిన్న గుమాస్తాగానే రిటైరయ్యాడు. వాడలో ఉంటే కులం, కాగితం మీద కులం లేదు. ఇల్లు అద్దెకడిగితే మాత్రం కులం మళ్ళీ ప్రత్యక్షం.

అమ్మ ఒకసారి బాగా గొడవపడింది, ఎమ్మార్వో ఆఫీసులో తెలిసినాయన ఉన్నాడు, సర్టిఫికెట్ మార్పించుకుందాం, దేవుడికి తెలీదా మన మనసు అని. నాన్న ఏం మాట్లాడలేదు, తాత వైపు చూశాడు. తాత నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ అమ్మ పక్కనే మాట్లాడింది, మేమంతా ఆశ్చర్యపోయాం, "అది ఏడవడం తప్పేటి, పిల్లలకి పెట్టాలి కదా" అని. కాసేపాగి "కానీ బాబూ, అడిగినప్పుడు కాదనడం మాత్రం నాకు సేతకాదు, మీ ఇష్టం" అంది. నాన్న మార్పించలేదు. కానీ మార్పించుకున్నవాళ్ళని ఒక్కరోజు కూడా తక్కువ చేసి మాట్లాడలేదు, వాళ్ళిళ్ళకి వెళ్ళి ప్రార్థన చేసేవాడు. నాకూ వాళ్ళ మీద తీర్పు తీర్చే ధైర్యం లేదు, ఆకలి మీద తీర్పు ఎవరు చెప్తారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం మాత్రం హిందువునని సర్టిఫికెట్ అడగడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమే అని తీర్పిచ్చినప్పుడు పేపర్ చదివి నాన్న "మనవాళ్ళని దొంగలంటున్నారమ్మా" అని బాధపడ్డాడు. నెగ్గానన్న ముఖం కాదది.

తాతని వెలి వేసిన మునసబు సంగతి చెప్పాలి. 1986, నేను ఎనిమిదో క్లాసు. ఎన్టీఆర్ మునసబు కరణాల వ్యవస్థ తీసేసి రెండేళ్ళయింది, ఆయనకి ఊళ్ళో పెత్తనం పోయింది, వయసు మీద పడింది, కడుపులో ఏదో జబ్బుతో విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రిలో చేర్పించారు. ఊరి నుంచి ఎవరో చెప్పారు. నాయనమ్మ మర్నాడు పొద్దున్నే లేచి మెత్తగా అన్నం వండి, పెసరకట్టు చేసి, స్టీలు క్యారేజీలో సర్దింది. తాత గోడవైపు తిరిగి పడుకుని "శత్రువుని ప్రేమిస్తాను గానీ సూడ్డానికి నాను రాను, అలాగని యేసుప్రభువు సెప్పనేదు" అన్నాడు. ఆవిడేం వాదించలేదు, నన్ను తోడు తీసుకుని బయల్దేరింది.

వార్డులో ఆయన నేను ఊహించుకున్నంత పెద్దమనిషి కాదు, మంచం మీద చిన్నగా ముడుచుకుని ఉన్నాడు. కొడుకు నిలబడి "మీరెవరమ్మా" అంటే నాయనమ్మ ఇంటిపేరు చెప్పింది. అతనికి గుర్తు రాలేదు, ముసలాయనకి వచ్చింది. కాసేపు అలా చూసి "పోర్టులో పనటగా మీవాడికి" అన్నాడు. ఔను బాబుగారూ అంది. కొడుకు, మా తిండి మేం తెచ్చుకుంటాం అన్నాడు మొహమాటంగా. ముసలాయన "పెట్టనీరా" అన్నాడు. ఆవిడ గిన్నె విప్పి, కట్టు కలిపి, చెంచాతో నాలుగు ముద్దలు పెట్టింది, ఐదోది వద్దన్నాడు. "మీ ఆయన రాలేదే" అని అడిగాడు. ఏదో ఒక సాకు చెప్తుందనుకున్నా, "రానన్నాడండి" అనేసింది. ఆయన ఔను అన్నట్టు తలూపాడు. ప్రార్థన చేసుకోమంటారా అని అడిగింది, కొడుకు వద్దమ్మా అన్నాడు, సరే బాబూ అని క్యారేజీ మూత పెట్టుకుని వచ్చేసింది. క్షమించమని ఆయనా అడగలేదు, క్షమించానని ఈవిడా చెప్పలేదు. ఆదివారం చర్చిలో ఒకాయన, ఎంత మంచి అవకాశం, సువార్త చెప్పావా అమ్మా అనడిగితే "ఆకలి మీదున్నాడు, నాలుగు ముద్దలు తిన్నాడు" అంది. ఆయనకి ఆ జవాబు నచ్చలేదని నాకర్థమైంది.

1999 జనవరి 23 పొద్దున వార్తల్లో ఒడిశాలో మనోహర్‌పూర్‌లో గ్రాహమ్ స్టెయిన్స్‌నీ ఇద్దరు కొడుకులనీ జీపులో తగలబెట్టారని విన్న రోజు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఆయన బారిపదలో కుష్ఠురోగుల మధ్య పని చేసినాయన. మా యూత్ వాళ్ళు ఆ రాత్రి చర్చిలో కూర్చుని రగిలిపోతున్నారు, ఒకడు పగ తీర్చుకునే మాట కూడా అన్నాడు. నాయనమ్మకి అప్పటికి డెబ్భై దగ్గర, మోకాళ్ళ మీద కూర్చోలేదు, గోడకి ఆనుకుని నన్ను రోమా పన్నెండు తియ్యమంది. "మిమ్మును హింసించువారిని దీవించుడి, దీవించుడి గాని శపింపవద్దు" చదివాను. ఆ కుర్రాడు లేచి వెళ్ళిపోయాడు, ఆవిడ ఆపలేదు. తర్వాత స్టెయిన్స్ భార్య గ్లాడిస్ గారు క్షమించానని చెప్పి ఆ కుష్ఠురోగుల దగ్గరే పని కొనసాగించారని పేపర్లో వస్తే, ఆ కుర్రాడే ఆ ముక్క కత్తిరించి బైబిల్లో పెట్టుకున్నాడు. 2005లో ఆవిడకి పద్మశ్రీ ఇచ్చినప్పుడు నాయనమ్మ ఇంకా ఉంది, మంచం పట్టింది, చదివి వినిపిస్తే "ఆ పిల్ల మళ్ళీ అన్నం తింటందా" అని అడిగింది. మరుసటేడు నాయనమ్మ పోయింది.

ఆవిడ లేకపోవడం నాకు బాగా తెలిసేది ఈమధ్య ఫోన్ చూసినప్పుడు. హింస గురించి వచ్చే ఫార్వర్డుల్లో నిజంగా దెబ్బలు తిన్నవాళ్ళవి ఉంటాయి, 2008లో ఒడిశా కంధమాల్‌లో ఇళ్ళు కాలిపోయి అడవుల్లో దాక్కున్నవాళ్ళవి ఉన్నట్టు. వాటి మధ్యలో ఎక్కడో వేరే దేశంలో అగ్నిప్రమాదం ఫోటో పెట్టి మన పక్క జిల్లా అని రాసినవీ ఉంటాయి. నేను గ్రూపులో ఇది అబద్ధం అని పెడితే "సిస్టర్ మీకు భారం లేదా" అంటారు. భారం ఉంది కాబట్టే కదా అడుగుతున్నది. అబద్ధ సాక్ష్యం పలకకూడదు అన్నది కూడా బైబిల్లోదే, కాలి చచ్చిపోయినవాళ్ళ పేరు మీద అబద్ధం ఆడితే వాళ్ళకి జరిగిన నిజం కూడా ఎవరూ నమ్మరు.

ఇంక మైకుల గోల. మేమిప్పుడు మధురవాడ వైపు ఉంటున్నాం, చర్చికి ఆనుకుని అపార్టుమెంట్లు లేచాయి. పోయిన ఏడాది ఉపవాస కూడికలు రాత్రి పదిన్నర దాకా కొమ్ము మైకులు పెట్టి జరిపితే పక్క అపార్టుమెంటు వాళ్ళు పోలీసులకి ఫోన్ చేశారు. ఎస్సై వచ్చి మర్యాదగానే పది తర్వాత ఆపమన్నాడు. మర్నాడు కమిటీలో ఒకాయన లేచి ఇది మన మీద హింస, మొదటి పేతురు నాలుగు పదహారు అన్నాడు. నేను ఉండబట్టలేక దాని ముందున్న వచనం కూడా చదవండి బ్రదర్ అన్నాను. ఆయన చదివాడు. "పరులజోలికి పోవువాడుగా గాని" దగ్గర ఆగిపోయాడు, వెనక నుంచి ఎవరో నవ్వారు. పక్కింట్లో పసిపిల్ల ఉంది, ముసలామె ఉంది, వాళ్ళ నిద్ర చెడగొట్టి తిట్లు తింటే అది క్రీస్తు కోసం తిన్న తిట్టు ఎలా అవుతుంది అని అడిగాను. చాలాసేపు వాదన జరిగింది, గుడి మైకులు, మసీదు మైకులు అన్నీ బయటికొచ్చాయి, వాళ్ళవి దింపితే మనవి దింపుదాం అన్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు చెప్పింది పూర్తిగా తప్పని కూడా అనలేను. చివరికి బయట కొమ్ములు దింపి లోపల బాక్సులు పెట్టుకున్నారు. క్రిస్మస్ వారం మాత్రం రెండు కొమ్ములు పెట్టుకుంటాం, పదింటికల్లా ఆపేస్తాం అని యూత్ వాళ్ళు పట్టుబట్టారు. పక్క అపార్టుమెంటు సెక్రటరీని అడిగి పెట్టుకోండి అన్నాను, ఇంకా అడగలేదట.